నెమ్మది కంప్యూటర్ల తుఫూల్ వదిన

మా తుఫూల్ వదినకి దేవుడు రెండు వరాలిచ్చాడు. ఒకటి, ఎంత మొండికేసిన కంప్యూటరైనా ఆవిడ చెయ్యి తగిలితే దారికొస్తుంది. రెండోది, మనసులో అనుకున్న మాట ఆవిడ నోటి దగ్గర క్షణం కూడా ఆగదు. మొదటి వరంతో తెచ్చుకున్న మంచిపేరుని రెండో వరం ఎప్పుడు మింగేస్తుందోనని మా అన్నయ్య బఖీత్ పెళ్ళైన నాటి నుంచీ భయపడుతూనే ఉన్నాడు. నేను ఆయన చెల్లెల్ని, మిజ్నాని. భయపడటం నాకు చేతకాదు కనక, వదిన వెంట సంచి మోసుకుంటూ తిరుగుతుంటాను.

వదిన ఈ విద్య ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. మా పేట దహారీజ్‌లో ఆడపిల్లల బడి ఉంది కదా, అక్కడ గుమాస్తాగా చేసేది. బడికి కంప్యూటర్లొచ్చిన ఏడాదే అన్నీ ఒకదాని తరవాత ఒకటి మూలపడ్డాయి. బాగుచేసే మగవాళ్ళు పిల్లలున్నంతసేపూ గేటు దాటి లోపలికి రాకూడదు. పిల్లలు ఇళ్ళకి వెళ్ళే వేళకి వాళ్ళు భోజనాలకి వెళ్ళిపోయేవారు. ఇలా మూడు నెలలు కంప్యూటర్ల మీద దుప్పట్లు కప్పి ఉంచారు. ఒకరోజు మా వదిన ఇంట్లోంచి కుట్టుమిషన్ స్క్రూడ్రైవర్ పట్టుకెళ్ళి, పెద్దపంతులమ్మ అరుస్తున్నా వినకుండా, ఒకదాని డొక్క విప్పేసింది. లోపల ఫ్యాన్ రెక్కల మధ్య ఒక బల్లి ఎండిపోయి ఉంది. దాన్ని పట్టకారుతో తీసి అవతల పారేసింది, కంప్యూటర్ బతికింది. ఆ రోజు నుంచి వదిన రిటైరయ్యేదాకా ఆ బడిలో పెద్దపంతులమ్మకి కూడా ఆవిడకున్నంత మర్యాద దక్కలేదు.

రిటైరయ్యాక ఇళ్ళకి వెళ్ళడం మొదలుపెట్టింది. మగవాళ్ళు ఇంట్లో లేని పూట, ఆడవాళ్ళు తీరిగ్గా ఉన్న పూట, మేమిద్దరం దిగుతాం. ఆవిడకి ఒకే ఒక నియమం ఉంది. కొత్తది కొనమని ఎవరికీ చెప్పదు. "కొనమని చెప్పడానికి కొట్టువాడున్నాడుగా, మధ్యలో నేనెందుకే?" అంటుంది.

ముందు అడిగే ప్రశ్న ఎప్పుడూ ఒకటే. "దీన్ని చివరిసారి ఎప్పుడు ఆపారు?"

ఒకింట్లో ఆ ప్రశ్నకి ఇంటావిడ ఆశ్చర్యపోయింది. "ఆపడమేంటి తుఫూల్? మూత వేస్తాంగా. మా పెద్దాడి పెళ్ళిలో కరెంటు పోయినప్పుడు ఒకసారి ఆగింది."

ఆ పెద్దాడికి అప్పటికే ఇద్దరు పిల్లలు. వదిన దాన్ని పూర్తిగా ఆపి, ఒక కప్పు కాఫీ తాగి, మళ్ళీ పెట్టింది. గుర్రంలా లేచింది. ఆవిడేదో మంత్రం చదివి ఊదిందని ఆ ఇంట్లో ఇప్పటికీ నమ్ముతారు. కాదని నేనెందుకు చెప్తాను?

ఇంకో ఇంట్లో బటన్ నొక్కితే లేవడానికి పావుగంట పట్టేది. వదిన లోపల వెతికితే, కంప్యూటర్ కళ్ళు తెరవకముందే మొదలయ్యే ప్రోగ్రాములు ఇరవై ఆరు కనిపించాయి. "నువ్వు పొద్దున్నే దుప్పటి తియ్యకముందే ఇరవై ఆరుమంది వచ్చి తలా ఒక పని చెప్తే మంచం దిగుతావా? ఇదీ అంతే," అని ఇరవై మూడింటిని ఆపేసింది. అదే ఇంట్లో వైరస్‌ని పట్టడానికని రెండు రకాల కాపలా ప్రోగ్రాములు పెట్టుకున్నారు. వదిన తల పట్టుకుంది. "ఒక వంటింట్లోకి ఇద్దరు సవతుల్ని తోలారేంటమ్మా? దొంగ వస్తే చూసే తీరిక వీళ్ళలో ఎవరికుంది? పొద్దస్తమానం ఒకదాన్ని ఒకటి కాపలా కాసుకుంటున్నాయి." ఒకదాన్ని పుట్టింటికి పంపేసింది. అప్పుడు ఆ ఇంటి అత్తగారు ఎందుకో మొహం మాడ్చుకుంది. తరవాత తెలిసింది, ఆవిడ రెండో భార్యట.

ఒంటెల సాలెం గారింట్లో నాలుగు వేల ఒంటె ఫొటోలు తెర మీదే పరిచి ఉన్నాయి. అన్నీ రెండు ఒంటెలవే. వాటిని విడిగా ఒక చిన్న డిస్కులోకి పంపి, ఆ ఫొటోలు తన దగ్గరా ఒక కాపీ ఉంచుకుంది. ఎప్పుడైనా పోతే ఆయన ప్రాణం తీసుకుంటాడని. మరోచోట ర్యామ్ ముక్క ఒకటి కొని తగిలించింది. "కంప్యూటర్‌కి తెలివి లేక కాదు, వంటగట్టు ఇరుకు. గిన్నె దించితే గానీ ఇంకో గిన్నె పెట్టలేకపోతోంది. గట్టు పొడుగు చేశాను, అంతే." ఇలాగే చెప్తుంది. కొట్టువాళ్ళు చెప్పినట్టు అర్థం కాని మాటలు చెప్పి భయపెట్టదు. అందుకే పేటంతా ఆవిడంటే ప్రాణం పెట్టేది.

మా ఇంటి కంప్యూటర్ గురించి నేను చెప్పక్కర్లేదు, ఆవిడే ఊరంతా చెప్పింది. "మా మిజ్నా కంప్యూటర్ చూడండి, బటన్ మీంచి వేలు తీసేలోపు లేచి నించుంటుంది." పదకొండు సెకన్లు. నేను లెక్కపెట్టాను.

ఇంత మంచిపేరూ ఒక్క ఇంటి గుమ్మంలో ఇరుక్కుంది. అది ఉమ్ ముసల్లం ఇల్లు.

పెద్దకొడుకు పేరుతోనే, ముసల్లం తల్లి అని, ఆవిడని అందరూ పిలుస్తారు. హాఫా బజారులో నలభై ఏళ్ళుగా సాంబ్రాణి అమ్ముతోంది. సాంబ్రాణి బంకముక్కని వెలుతురులో పట్టి చూసి, అది ఏ కొండ చెట్టుదో, బెరడు మీద ఏ కోతకి కారిందో చెప్పేస్తుంది. ఆవిడ ముక్కంటే బజారుకి హడలు, ఆవిడ నోరంటే పేటకి హడలు. మధ్యాహ్నం ఆవిడింట్లో కాఫీ దగ్గర ఏ మాట పుట్టినా, సాయంత్రం నమాజు వేళకి సముద్రం ఒడ్డు దాకా నడుస్తుంది. ఆవిడ బాగుందంటే బాగున్నట్టే. బాగాలేదందంటే ఇక అల్లా కూడా ఏం చెయ్యలేడని మా అన్నయ్య అంటాడు, తప్పు తప్పు అని వెంటనే చెంపలేసుకుంటాడు.

కువైట్ నుంచీ దోహా నుంచీ ఆర్డర్లు వస్తాయని ముసల్లం తల్లికి కంప్యూటర్ కొనిపెట్టాడు. కొత్తలో అది బాగా పరుగెత్తేది. ఒకరోజు పక్కింటావిడ చూసి, "అమ్మో, ఎంత చురుగ్గా ఉందో!" అంది. మాషా అల్లా అనలేదు. ఇంకేముంది, దిష్టి. ఆ రోజు నుంచి ఉమ్ ముసల్లం సాంబ్రాణి కుంపటి తెచ్చి, నేలమీదున్న కంప్యూటర్ పెట్టె పక్కనే, ఫ్యాన్‌కి జానెడు దూరంలో పెట్టడం మొదలుపెట్టింది. కొన్నాళ్ళకి కంప్యూటర్ కాస్త నెమ్మదించింది. దిష్టి గట్టిదని రోజుకి రెండుసార్లు పెట్టింది. ఇంకా నెమ్మదించింది. మూడుసార్లు చేసింది.

మొదటిసారి మేం వెళ్ళినప్పుడు వదిన పెట్టె విప్పి, లోపలికి చూసి, నా వైపు చూసింది. ఫ్యాన్ రెక్కల మీద బెల్లం పాకంలాంటి బంక. దాని మీద దుమ్ము, దారప్పోగులు, ఏడేళ్ళది. రెక్కలు తిరగలేక తిరుగుతున్నాయి. లోపల వేడెక్కిపోయి, కంప్యూటర్ కాలిపోకుండా తనంతట తనే వేగం తగ్గించుకుంటోంది. వదిన బ్రష్షు, స్పిరిట్ పెట్టి రెండు గంటలు గోకింది. మూత బిగించాక, నోరు తెరిచింది.

"పిన్నీ, దీని జబ్బంతా ఎక్కడొచ్చిందంటే..."

"ఒసే, కుంపటి తీసుకురా!" అని ఉమ్ ముసల్లం లోపలికి కేకేసింది.

మా వైపు కుంపటి ముందుకొచ్చిందంటే కాఫీ అయిపోయినట్టు, మాటలయిపోయినట్టు. పొగ మేలిముసుగుకి పట్టించుకుని, ఇంటివాళ్ళని దీవించి, లేవాలి. ఆ తరవాత కూర్చునే మనిషిని ఏమంటారో నేను రాయను. ఇద్దరం లేచాం.

నలభై రోజులకి మళ్ళీ కబురు. కంప్యూటర్ మళ్ళీ పాకుతోంది. ఈసారి వదిన తెలివిగా, పని మొదలుపెట్టకముందే గుమ్మంలోనే "పిన్నీ, ఈ పొగ..." అంది. ఆ మాట పూర్తికాకుండానే లోపల బొగ్గులు చిటపటలాడాయి. మళ్ళీ గోకడం, మళ్ళీ దీవించడం, మళ్ళీ లేవడం. దారిలో వదిన సంచి నా చేతిలోంచి లాక్కుని తనే మోసింది. అంటే కోపం తలకెక్కిందన్నమాట.

"తెలియక చేస్తోందంటావా వదినా?"

"తెలియకా? బంక వాసన పట్టే ముక్కుకి ఇది తెలియదా? ఆ మాట తన చెవిన పడకూడదు. పడితే నిజమైపోతుందని భయం."

ఆ తరవాతి వారం పేటలో మాట పుట్టింది. ఎక్కడ పుట్టిందో వేరే చెప్పాలా? "తుఫూల్ బాగుచేస్తే నలభై రోజులే. నలభై ఒకటో రోజున మామూలే." రెండిళ్ళవాళ్ళు మమ్మల్ని కాదని బజారులో కొట్టువాణ్ణి పిలిచారు. వాడు రెండిళ్ళకీ కొత్తవి అంటగట్టాడు. మా వదిన ముప్పై ఏళ్ళుగా కాపాడుకుంటూ వచ్చిన పేరు ఒక్క ముసలావిడ కాఫీ గిన్నెలో కరిగిపోతోంది. ఆ వారమంతా ఆవిడ ఎవరితోనూ పోట్లాడలేదు, అది చూసి నాకు కూడా భయమేసింది.

చెప్తే ఒక తంటా, చెప్పకపోతే ఒక తంటా. సాంబ్రాణి అమ్మే మనిషితో నీ సాంబ్రాణే కంప్యూటర్‌ని చంపుతోందని అంటే, ఆ మాట బజారెక్కితే, ఆవిడ నలభై ఏళ్ళ వ్యాపారం నవ్వులపాలవుతుంది. ఆవిడ మమ్మల్ని బతకనిస్తుందా? చెప్పకపోతే వదిన పేరు పోతుంది. మూడోసారి కబురొచ్చినప్పుడు వదిన నాతో ఒకటే అంది. "ఇవాళ చెప్పకుండా లేస్తే నేనిక స్క్రూడ్రైవర్ పట్టను."

వెళ్ళేసరికి ముందుగదిలో ఆరుగురు ఆడవాళ్ళున్నారు. బయట సన్నగా ముసురు, లోపల కాఫీ, ఖర్జూరాలు, హల్వా. ఉమ్ ముసల్లం మమ్మల్ని చూడగానే గొంతు పెంచింది.

"రా తుఫూల్, రా. నలభై రోజుల డాక్టరమ్మ వచ్చిందర్రా! దీనికి ఇంకో నలభై రోజులు ఆయుష్షు పోసి వెళ్తుంది."

అందరూ నవ్వారు. వదిన నేల మీద చతికిలబడి, పెట్టె విప్పింది, ఫ్యాన్ ఊడదీసి ఒళ్ళో పెట్టుకుంది. గోకలేదు. బ్రష్షు కూడా తియ్యలేదు. ఫ్యాన్‌ని అలా పట్టుకుని కూర్చుంది. ఉమ్ ముసల్లంకి అనుమానమొచ్చింది. కుంపటి తెమ్మని కేకేసింది. కోడలు తెచ్చింది. పొగ గదంతా తిరిగింది. ఆడవాళ్ళు ఒక్కొక్కరూ ముసుగులకి పట్టించుకుని లేవబోయారు.

"ఒక్క నిమిషం కూర్చోండమ్మా. లేవాల్సింది మీరు కాదు," అంది వదిన. కుంపటి కోడలి చేతిలోంచి తీసుకుని, డొక్క విప్పి ఉన్న కంప్యూటర్ ముందు పెట్టింది. "పిన్నీ, మర్యాద తెలిసిన మనిషి ముందు కుంపటి తిప్పితే ఏం చేస్తుంది?"

"లేచి వెళ్తుంది. నీకు తప్ప అందరికీ తెలుసు," అంది ఉమ్ ముసల్లం.

"మరి దీని ముందు ఏడేళ్ళుగా రోజుకి మూడుసార్లు తిప్పుతున్నావు. పాపం మీ ఇంట్లో పెరిగిన పిల్ల, మర్యాద తెలిసిందే. ఎప్పటి నుంచో లేచి వెళ్దామనే చూస్తోంది. నేనే నలభై రోజులకోసారి చెయ్యి పట్టుకుని కూర్చోబెడుతున్నా."

గదిలో నవ్వొచ్చినవాళ్ళు ఖర్జూరం నోట్లో పెట్టుకున్నారు. వదిన ఫ్యాన్ ఆవిడ చేతికిచ్చింది. ఉమ్ ముసల్లం దాన్ని కిటికీ వెలుతురులో పట్టి చూసింది. గోటితో బంకని గీకింది. ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకుంది. వదిన ఆవిడ మొహం మీంచి చూపు తిప్పలేదు.

"ఇది కొండవెనక చెట్ల బంక," అంది ఉమ్ ముసల్లం మెల్లగా. "మొదటి కోతది కాదు, మేలైన మూడో కోతది. నాదే." కళ్ళు తెరిచి అందరినీ ఒకసారి కలియజూసింది. నలభై ఏళ్ళు బజారులో కూర్చున్న మనిషి ఊరికే ఓడిపోతుందా? "చూశారా అమ్మా? నకిలీ సరుకైతే పొగ వచ్చినట్టే వచ్చి కిటికీలోంచి పోతుంది. రెండుసార్లు గోకినా మళ్ళీ ఇలా పట్టుకుని నిలబడాలంటే చెట్టు నుంచి కారిన అసలు బంక కావాలి. తుఫూల్ విప్పి చూపించింది కాబట్టి తెలిసింది. ఇంట్లో కంప్యూటర్ జోరుగా పరుగెడుతోందంటే ఏంటర్థం? ఆ ఇంట్లో కాల్చేది సాంబ్రాణి కాదు, రంపప్పొట్టు."

నేను నోరెళ్ళబెట్టాను. క్షణంలో ఆరుగురి మొహాలూ మారిపోయాయి. "మాది చాలా నెమ్మదమ్మా," అంది ఒకావిడ. "మాదైతే మరీనూ, పావుగంట," అంది ఇంకొకావిడ. "మాది అసలు లేవదు," అంది మూడో ఆవిడ గర్వంగా. నిన్నటి దాకా వేగం కోసం మా కాళ్ళావేళ్ళా పడ్డవాళ్ళే వీళ్ళు.

ఉమ్ ముసల్లం వదిన వైపు తిరిగి, చాలా పెద్దరికంగా, "సరే, ఇకమీదట కుంపటి ముందుగదికి. కంప్యూటర్ లోపలిగదిలో, బల్ల మీదికి. నువ్వు చెప్పినట్టే," అంది. మా వదినకి కావలసింది దొరికింది. నేను సంచి సర్దబోతున్నాను. అప్పుడు ఉమ్ ముసల్లం చూపు నా మీద పడింది.

"మిజ్నా, మీ ఇంట్లోది ఎలా ఉందే? తుఫూల్ తెగ చెప్తుందిగా, వేలు తీసేలోపు లేస్తుందని."

ఇప్పుడు నిజం రాసేస్తాను. నేను ఉమ్ ముసల్లం దగ్గర సాంబ్రాణి కొని ఆరేళ్ళయింది. బొగ్గులు రాజెయ్యడం, బూడిద ఎత్తిపొయ్యడం, గోడలు నల్లబడటం, ఇవన్నీ ఎవరు పడతారు? సూపర్ బజారులో అట్టపెట్టెలో దొరికే బిళ్ళలు, కరెంటుతో వేడెక్కే చిన్న గిన్నె. పొగ రాదు, వాసనొస్తుంది, పని అయిపోతుంది. ఆవిడ బజారు దారిలో నేను తల వంచుకుని నడుస్తాను.

"వదిన ఊరికే గొప్పలు చెప్తుంది పిన్నీ," అన్నాను. "మాది నత్త."

"అలాగా? అయితే రేపు పొద్దున్న వస్తాను, చూడాలి," అంది ఉమ్ ముసల్లం.

మా ఇంటికొచ్చాక వదిన నన్ను తిట్టని తిట్టు లేదు. అట్టపెట్టె బిళ్ళలా, మా పుట్టింట్లో చచ్చినా కాల్చరే, ఇంకా చాలా. తిట్టి తిట్టి అలిసిపోయి నా కంప్యూటర్ ముందు కూర్చుంది.

"వదినా, పోనీ వచ్చి చూసుకోనీ. ఏమవుతుంది?"

"ఏమవుతుందా? నా ఇంటి ఆడపడుచే అట్టపెట్టె బిళ్ళలు కాలుస్తోందని తెలిస్తే, ఇవాళ నేను ఆవిడ ఇంట్లో అన్న మాటంతా ఆవిడని నవ్వులపాలు చెయ్యడానికి అన్నట్టవుతుంది. ఇప్పుడే సర్దుకుంది. మళ్ళీ నోరు విప్పిందంటే నన్ను ఎవరు పిలుస్తారు?" అని రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని వేళ్ళ వైపు చూసుకుంది. "ముప్పై ఏళ్ళలో ఈ చేత్తో ఒక్కదాన్ని కూడా నెమ్మది చెయ్యలేదే, మిజ్నా."

ఆ మాటకి నాకు నిజంగా సిగ్గేసింది. కానీ ఆపలేదు, అది కూడా నిజం.

మొదలుపెట్టింది. ఇన్నేళ్ళు ఊళ్ళోవాళ్ళ కంప్యూటర్ల నుంచి ఏమేం పీకేసిందో అవన్నీ నా దాంట్లోకి తెచ్చిపోసింది. లేస్తూనే ముప్పై ఒక్క ప్రోగ్రాములు మొదలయ్యేలా పెట్టింది. సవతులిద్దర్నీ పిలిచి ఒకే వంటింట్లో కూర్చోబెట్టింది. ర్యామ్ ముక్క ఒకటి ఊడదీసి నా చేతికిచ్చింది. ఒంటెల సాలెం గారి నాలుగు వేల ఫొటోలూ తెర మీద పరిచింది. ప్రతి పనికీ "ఛీ" అంటూనే చేసింది. తరవాత ఆపి, మళ్ళీ పెట్టి, గడియారం చూసింది. మూడు నిమిషాలు. మొహం చిట్లించి ఇంకేవో రెండు మార్పులు చేసింది. నాలుగున్నర నిమిషాలు.

"ఇంత చక్కగా పాడుచెయ్యడం కూడా అందరికీ చేతకాదు," అంది, కాస్త గర్వం ఆపుకోలేక.

బిళ్ళల పెట్టె, కరెంటు గిన్నె బట్టల బీరువాలో దాచాను. పక్కింట్లో అడిగి కాసిని బొగ్గులు తెచ్చుకున్నాను. సాంబ్రాణి మాత్రం ఎవరినీ అడగడానికి మొహం చెల్లలేదు.

పొద్దున్నే ఉమ్ ముసల్లం వచ్చింది. గుమ్మం దగ్గర చెప్పులు విడుస్తూ ఒక్క క్షణం ఆగి, గట్టిగా ఊపిరి పీల్చుకుంది. మోకాళ్ళు నొప్పేమో అనుకున్నాను. లోపలికొచ్చి కంప్యూటర్ ఎదురుగా దిండుకి ఆనుకుని కూర్చుంది.

"పెట్టవే, చూద్దాం."

బటన్ నొక్కాను. ఉమ్ ముసల్లం గోడ గడియారం వైపు ఒకసారి చూసింది. తెర నల్లగా ఉండిపోయింది. వదిన కాఫీ పోసింది. ఉమ్ ముసల్లం తాగింది. తెర మీద ఒక గుండ్రటి గుర్తు వచ్చి తిరగడం మొదలుపెట్టింది. రెండో కప్పు. గుండ్రం తిరుగుతూనే ఉంది. బయట వాన. మూడో కప్పు తాగి, చాలన్నట్టు కప్పు ఊపి పక్కన పెట్టింది. అప్పుడు మెల్లగా ఒక్కో ఒంటె రావడం మొదలైంది.

"ఆహా, ఎంత నెమ్మదో!" అంది ఉమ్ ముసల్లం. తరవాత వదిన వైపు తిరిగింది. "ఏమే తుఫూల్, పేటలో అందరివీ బాగుచేస్తావు. సొంత ఆడపడుచు ఇంట్లోది ఇలా వదిలేశావా? లేక నీ వల్ల కాలేదా?"

నేను వదిన వైపు చూశాను. మనసులో మాట నోటి దగ్గర క్షణం ఆగదని మొదట్లో రాశాను కదా. ఆ పూట ఆగింది. వదిన తల వంచుకుని, కాఫీ కూజా మూత సరిచేస్తూ అంది.

"నా వల్ల కాలేదు పిన్నీ. వయసు మీదపడింది. చెయ్యి నెమ్మదించింది."

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నా బద్ధకం కోసం, నా అట్టపెట్టె బిళ్ళల కోసం ఆవిడ తన పేరుని తనే కోసి నా ముందు పెట్టింది. మా అన్నయ్య అదృష్టవంతుడు, నేను దుర్మార్గురాలిని. ఇక పట్టలేక, "పిన్నీ, అది కాదు, నేనే..." అన్నాను.

ఉమ్ ముసల్లం చెయ్యెత్తి నన్ను ఆపింది. ఒళ్ళోంచి ఒక గుడ్డ మూట తీసి నా ముందు పడేసింది. లోపల తెల్లటి సాంబ్రాణి ముక్కలు.

"ఇవాళ్టి నుంచి ఇది కాల్చు. బీరువాలో బట్టల మధ్య దాచిన బిళ్ళలు తీసి అవతల పారెయ్యి, లేకపోతే అవన్నీ గులాబి సబ్బు వాసనేస్తాయి."

"నీకెలా తెలిసింది పిన్నీ?"

"గుమ్మంలోనే తెలిసింది. నలభై ఏళ్ళ ముక్కే ఇది!"

"మరి ఇంతసేపు ఎందుకు కూర్చున్నావు?"

"మీరిద్దరూ ఎంతదాకా వెళ్తారో చూద్దామని. నాలుగున్నర నిమిషాలు! ఒంటెలు కూడా పెట్టారు!" అంటూ లేచింది. నవ్వుతోందో దగ్గుతోందో తెలియలేదు. గుమ్మం దాటుతూ వదిన వైపు ఒకసారి చూసింది.

ఆవిడ వీధి మలుపు తిరగకముందే వదిన కంప్యూటర్ మీద పడింది. సవతిని తరిమింది, ఒంటెల్ని తోలింది, ర్యామ్ ముక్క నా చేతిలోంచి లాక్కుని బిగించింది. "నా వల్ల కాలేదు" అన్న మాట సాయంత్రానికి సముద్రం ఒడ్డు దాకా వెళ్తుందని ఇద్దరికీ తెలుసు. ఆ మాట అన్నది తనే, ఇక ఎవరిని తిట్టుకుంటుంది?

ఆ మధ్యాహ్నం కాఫీకి మేం వెళ్ళలేదు. అక్కడ ఉమ్ ముసల్లం ఏమందో నాకు ముగ్గురు విడివిడిగా వచ్చి చెప్పారు. ఎవరో అడిగారట, తుఫూల్ ఆడపడుచు ఇంట్లో కంప్యూటర్ ఎలా ఉందని. దానికి ఆవిడ కుంపటిలో బొగ్గు ఎగదోస్తూ అందట:

"తుఫూల్ పరుగెత్తమంటే పరుగెత్తుతుంది, పాకమంటే పాకుతుంది. కంప్యూటర్ని అంతలా చెప్పుచేతల్లో పెట్టుకున్న మనిషిని నేను చూళ్ళేదు. మీ ఇళ్ళలోవి బాగుచేయించుకోవాలంటే దాన్నే పిలవండి, ఇంకెవర్నీ గుమ్మం ఎక్కనీకండి."

పరుగెత్తుకెళ్ళి వదినకి చెప్పాను. ఆవిడ వాళ్ళ వంటింట్లో రొట్టెలు కాలుస్తోంది. వెనక్కి తిరగలేదు. "సరిగ్గా ఏమంది? మొదట్నుంచి చెప్పు," అంది. చెప్పాను. పెనం మీద రొట్టె మాడుతోంది, తియ్యలేదు. ఆ మాట నాచేత మూడుసార్లు చెప్పించుకుంది.